ఒక జత స్కీలు – రెండు రకాల మంచు

గుంటూరు ఎండల్లో కూర్చుని మంచుమీద జారే బద్దల గురించి వ్యాసమేమిటని సంచిక తిరగేసే మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి గాని, చివరిదాకా చదవండి. పై చదువులకి అమెరికా, కెనడా వెళ్ళే మన సీనియర్లు మొదటి చలికాలం సెలవులు రాగానే రూమ్మేట్లతో కలిసి మంచుకొండలకి బయల్దేరుతున్నారు. ఇక్కడే వుండే మనకి కూడా ఆ దారి మూసుకుపోలేదు. కాశ్మీరులోని గుల్మార్గులో కేంద్ర పర్యాటక శాఖ కింద వున్న స్కీయింగు, పర్వతారోహణ సంస్థ, మనాలిలోని అటల్ బిహారీ వాజపేయి పర్వతారోహణ సంస్థ విద్యార్థులకి స్కీయింగు కోర్సులు నడుపుతున్నాయి.

అక్కడ అద్దె కొట్లోకి అడుగు పెట్టగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న: "ఏ స్కీ కావాలి?" గోడ పొడుగునా సన్నవీ, వెడల్పువీ, పొట్టివీ, పొడుగువీ నిలబెట్టి వుంటాయి. జవాబు తెలియనివాడు కొట్టువాడిచ్చింది కట్టుకుని కొండ ఎక్కాలి. ఆ కట్టుకున్నదాని మీద ఆధారపడేది సరదా ఒక్కటే కాదు, మోకాలు కూడా. మోకాలి కీలులో నరం లాంటి బంధనం తెగితే ఇరవయ్యేళ్ళ కుర్రాడికైనా నెలల తరబడి మంచం, కర్ర, ఖర్చు తప్పవు.

అదృష్టమేమిటంటే, ఈ ఎంపికకి కావలసిన విద్య మనం ఇంటర్మీడియెట్‌లో చదివిందే. ఒత్తిడి, బలభ్రామకం, వృత్తం – ఈ మూడు పాఠాలు గుర్తుంటే చాలు.

మంచు ఒక్కటి కాదు

మన నల్లరేగడి సంగతి అందరికీ తెలుసు. వేసవిలో అదే చేను నెర్రెలిచ్చి రాయిలా వుంటుంది. రెండు వానలు పడ్డాక మోకాటిలోతు దిగబడుతుంది. నేల అదే, పేరు అదే, గుణం వేరు. మంచు కూడా అంతే.

అప్పుడే కురిసిన పొడిమంచుని స్కీ చేసేవాళ్ళు పౌడరు అంటారు. అది దాదాపు గాలే. ఒక ఘనపు మీటరు పౌడరు 50 నుంచి 100 కిలోలు తూగుతుంది. అదే ఘనపు మీటరు నీళ్ళు 1000 కిలోలు, గడ్డకట్టిన మంచు 917 కిలోలు. రిసార్టుల్లో రాత్రిపూట పెద్ద యంత్రాలు తిప్పి, మంచుని నొక్కి, చదును చేసి బాటలు వేస్తారు. ఆ నొక్కిన మంచు ఘనపు మీటరుకి 400 నుంచి 500 కిలోల దాకా వుంటుంది. పగలు కరిగి రాత్రి మళ్ళీ బిగిసినదైతే ఇంకా గట్టి.

రిసార్టుకి వెళ్ళినవాడికి ఒకే రోజులో ఈ రెండూ ఎదురుకావచ్చు. పొద్దున బాట పక్కన మెత్తటి పౌడరు, మధ్యాహ్నానికి వందలమంది తొక్కిన గట్టి బాట. రెంటికీ పనికొచ్చే ఒక్క జత వుంటుందా? వుంటే, దేనికి ఎంత వదులుకోవాలి? అసలు ప్రశ్న ఇదే.

లెక్కకి మూడు జతలు

స్కీ ముందూ వెనకా వెడల్పుగా, మధ్యలో సన్నగా వుంటుంది. ఆ మధ్యభాగాన్ని నడుము అందాం. స్కీల మీద మిల్లీమీటర్లలో మూడు అంకెలు ముద్రించి వుంటాయి: ముందు వెడల్పు, నడుము, వెనక వెడల్పు. లెక్క కోసం మూడు మాదిరి జతలు తీసుకుందాం.

మొదటిది బాట స్కీ: 122–78–106, పొడవు 170 సెంటీమీటర్లు.
రెండవది ఆల్ మౌంటెన్ స్కీ, అంటే అన్నిచోట్లా తిరిగేది: 132–98–120, పొడవు 178 సెంటీమీటర్లు.
మూడవది పౌడరు స్కీ: 145–115–133, పొడవు 185 సెంటీమీటర్లు.

సాధారణంగా నడుము 80 లోపు వుంటే బాటకి, 80 నుంచి 100 దాకా అన్నిటికీ, 105 దాటితే పౌడరుకి అని చెప్పుకుంటారు. ఇవి గీసిన గీతలు కావు, సుమారు హద్దులు.

మొదటి పాఠం: ఒత్తిడి

బూట్లు, బట్టలు, సామానుతో కలిపి 80 కిలోలున్న మనిషిని తీసుకుందాం. రెండు బూట్ల అడుగు వైశాల్యం సుమారు 500 చదరపు సెంటీమీటర్లు. అంటే నిలబడితేనే చదరపు సెంటీమీటరుకి 160 గ్రాముల బరువు. పౌడరులో నడుము దాకా దిగబడటానికి ఇది చాలు.

ఇప్పుడు స్కీలు కట్టుకుంటే? మొదటి జత సగటు వెడల్పు 9 సెంటీమీటర్లు. రెండు స్కీలూ కలిపి 3060 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి 26 గ్రాములకి దిగుతుంది. రెండవ జతకి సుమారు 3800 చదరపు సెంటీమీటర్లు, 21 గ్రాములు. మూడవ జతకి 4550, సుమారు 18 గ్రాములు.

బురద దాటటానికి పలక వేసుకుని నడిచే ప్రతి రైతుకీ ఈ సూత్రం తెలుసు, పేరే తెలియదు. అయితే ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. బూటు నుంచి ఏదో ఒక స్కీ మీదికి ఎక్కగానే ఒత్తిడి ఆరోవంతుకి పడిపోయింది. 78 నుంచి 115కి వెళ్తే తగ్గింది మూడోవంతు మాత్రమే. కాబట్టి సన్న స్కీ మీద పౌడరులో వెళ్ళలేమని కాదు, శ్రమ ఎక్కువ. పైగా పడవకి మల్లే స్కీకి కూడా వేగం వల్ల అదనంగా తేలే శక్తి వస్తుంది. నేర్చినవాడు వేగంగా పోతాడు కాబట్టి తక్కువ వెడల్పుతోనే తేలతాడు. కొత్తవాడు భయంతో నెమ్మదిగా పోతాడు, దిగబడతాడు.

ఇంకొక సంగతి. సామానుతో కలిపి 64 కిలోలున్న అమ్మాయి 78 నడుము స్కీ ఎక్కితే ఒత్తిడి 21 గ్రాములు. 80 కిలోలవాడికి ఆ మెత్తదనం రావాలంటే 98 నడుము స్కీ కావాలి. కాబట్టి మిత్రుడు వాడిన అంకె చూసి అదే అడగటం తెలివి కాదు. ఎవరి బరువు వారిది, ఎవరి లెక్క వారిది.

రెండవ పాఠం: బలభ్రామకం

ఇంత చెప్పాక వెడల్పుదే మంచిది కదా అనిపిస్తుంది. గట్టి మంచు మీదికి రాగానే కథ తిరగబడుతుంది.

గట్టి బాట మీద స్కీ పడుకుని తిరగదు. పక్కకి వంచితే దాని ఇనప అంచు మంచుని కోసుకుంటూ తిరుగుతుంది. అప్పుడు నేల తిరిగి తోసే బలమంతా ఆ అంచు దగ్గరే వుంటుంది. మన కాలు మాత్రం స్కీ మధ్యగీత మీద వుంటుంది. ఈ రెంటికీ మధ్య దూరం నడుము వెడల్పులో సగం. 78 నడుముకి 39 మిల్లీమీటర్లు. 115 నడుముకి 57.5 మిల్లీమీటర్లు.

బలం అదే అయినా దూరం పెరిగింది కాబట్టి భ్రామకం దాదాపు ఒకటిన్నర రెట్లయింది. ఆ మెలిపెట్టే శక్తిని ప్రతి మలుపులోనూ చీలమండ, మోకాలు కాయాలి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా వందల మలుపులు. అలసిన కండరం ఆఖరి గంటలో ఆలస్యంగా స్పందిస్తుంది, మనిషి పడతాడు. అంతేకాదు, వెడల్పు స్కీని ఒక అంచు నుంచి రెండో అంచుకి మార్చటానికి ఎక్కువ సమయం పడుతుంది. గట్టి మంచు మీద అది మొద్దుగా కదులుతుంది.

కాలవ కింద మాగాణిలో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకి కేజి వీల్సు బిగిస్తారు. బురదలో వాటికి సాటి లేదు. కాని ఆ ఇనప చక్రాలతోనే తారురోడ్డెక్కితే రోడ్డూ పాడు, బండీ పాడు. పౌడరు స్కీతో గట్టి బాటెక్కటం అలాంటిదే. చక్రం చెడ్డది కాదు, చోటు దానిది కాదు.

మూడవ పాఠం: వృత్తం

స్కీ పక్క అంచు తిన్నని గీత కాదు, పెద్ద వృత్తంలో చిన్న చాపం. జ్యా పొడవునీ చాపం లోతునీ బట్టి వ్యాసార్ధం కట్టటం మనకి వచ్చు: పొడవు వర్గాన్ని లోతుకి ఎనిమిది రెట్లతో భాగించాలి.

మొదటి జతకి ముందు వెనకల సగటు 114, నడుము 78. తేడా 36, ఒక్కో పక్క లోతు 18 మిల్లీమీటర్లు. మంచుని తాకే పొడవు 1.5 మీటర్లనుకుంటే వ్యాసార్ధం సుమారు 15.6 మీటర్లు. రెండవ జతకి లోతు 14 మిల్లీమీటర్లు, వ్యాసార్ధం 20 మీటర్లు. మూడవదానికి లోతు 12, వ్యాసార్ధం 23 మీటర్లకి పైన.

అంటే మొదటిది చురుగ్గా చిన్న చిన్న మలుపులు తిరుగుతుంది, మూడవది పెద్ద పెద్ద మలుపులు కోరుతుంది. స్కీని ఎంత ఒరిగిస్తే మలుపు అంత చిన్నదవుతుంది. 45 డిగ్రీలు ఒరిగిస్తే మొదటి జత వ్యాసార్ధం 15.6 నుంచి 11 మీటర్లకి దిగుతుంది. జనం క్రిక్కిరిసిన ఇరుకు బాటలో కొత్తవాడిని కాపాడేది ఈ చిన్న మలుపే.

విల్లు వంపు, పడవ వంపు

వెడల్పు తరవాత చూడవలసింది వంపు. స్కీలని నేలమీద పెట్టి పక్కనుంచి చూడండి. పాత పద్ధతి స్కీ మధ్యలో కొంచెం పైకి లేచి, రెండు చివర్లూ నేలకి తాకుతూ విల్లులా వుంటుంది. దీన్ని కేంబరు అంటారు. మనిషి ఎక్కి నిలబడగానే విల్లు అణిగి, బరువు అంచు పొడుగునా సమంగా పరుచుకుంటుంది. గట్టి మంచులో పట్టు దీనివల్లనే.

దీనికి ఎదురుది రాకరు. కొనలు ముందునుంచే పైకి లేచి వుంటాయి. సూర్యలంక, నిజాంపట్నం ఒడ్డున పడవల ముక్కు పైకి ఎందుకు లేచి వుంటుందో ఇదీ అందుకే. అల మీదికి ఎక్కాలి గాని అలలోకి దూరకూడదు. పౌడరులో రాకరు ముక్కు మునగదు. కాని గట్టి బాట మీద ఆ లేచిన భాగం మంచుని తాకదు, అంచు పొట్టిదైపోతుంది.

అన్నిచోట్లా తిరిగే స్కీల్లో ఎక్కువ భాగం ఈ రెంటినీ కలిపి చేస్తారు: ముందు కొంచెం రాకరు, కాలికింద కేంబరు. కొనేవాడు నడుము అంకెతో పాటు ఈ వంపు కూడా చూడాలి. కాలికింద కేంబరున్న 98, కాలికింద చదునుగా వున్న 98 – గట్టి మంచు మీద రెండూ ఒకటి కావు.

కొంచెం చరిత్ర

ఈ తేడాలన్నీ మొదటినుంచీ లేవు. 1950లో అమెరికాలో హోవర్డ్ హెడ్ అనే విమానాల ఇంజనీరు అల్యూమినియం రేకుల మధ్య కలప పెట్టి అతికించిన స్కీని మార్కెట్లోకి తెచ్చాడు. అంతవరకూ రాజ్యమేలిన కర్రబద్దల కాలం దానితో వెనక్కి పోయింది. 1980ల దాకా స్కీలు మనిషికన్నా పొడుగ్గా, సన్నగా, అంచులు దాదాపు తిన్నగా వుండేవి. 1988లో ఆస్ట్రియా కంపెనీ ఆటమిక్ మొదటి లావు పౌడరు స్కీని చేసింది. 1993లో స్లొవేనియా కంపెనీ ఎలాన్ నడుము బాగా సన్నబరిచిన ఎస్.సి.ఎక్స్. నమూనా తెచ్చింది, మలుపు తిరగటం సామాన్యుడికి అందింది. పడవ వంపు సంగతి ఇంకా చిత్రం. షేన్ మెకాంకీ అనే స్కీ వీరుడు నీళ్ళమీద జారే స్కీలు కట్టుకుని అలాస్కా మంచులో ప్రయత్నించాడు. ఆ ఆలోచన నుంచే 2002లో స్పాటులా అనే పౌడరు స్కీ వచ్చింది. మెత్తటి మంచు గట్టినేల కాదు, నీళ్ళకి దగ్గర అన్న గ్రహింపే ఇందులో వున్న విజ్ఞానం.

గుల్మార్గు పాఠం

మన దేశంలో ఈ రెండు రకాల మంచూ ఒకేచోట చూడాలంటే గుల్మార్గు. సముద్రమట్టానికి సుమారు 2650 మీటర్ల ఎత్తున వున్న మైదానం. ఇక్కడ కొత్తవాళ్ళు నేర్చుకునే మెల్లటి వాలులున్నాయి. అక్కడినుంచి గొండోలా అనే తీగబండి మొదటి దశలో కోంగ్‌దోరికి, 2005లో మొదలైన రెండవ దశలో అఫర్వాట్ కొండ మీద సుమారు 3950 మీటర్ల ఎత్తుకి తీసుకుపోతుంది. పైభాగమంతా చదును చెయ్యని సహజమైన మంచు. లోకం నలుమూలలనుంచి పౌడరు కోసం జనం వచ్చేది దానికే.

ఈ కొండ దగ్గర పెరిగిన ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్సులో భారతదేశం తరఫున వెళ్ళిన ఒకే ఒక్క క్రీడాకారుడు. జెయింట్ స్లాలంలో 45వ స్థానం పొందాడు. అలాంటి పందాల స్కీ నడుము 65 మిల్లీమీటర్ల దగ్గర వుంటుంది. అదే గుల్మార్గులో పౌడరు యాత్రికుడి స్కీ 115. ఒకే కొండ, రెండు ప్రపంచాలు.

మరి మనం గుల్మార్గు పేరు విని 115 తీసుకోవాలా? ఆగండి. 2024 జనవరిలో గుల్మార్గు చాలా రోజులు మంచులేక ఎండుగడ్డితో కనిపించింది. 2025లో ఫిబ్రవరిలో జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. సెలవులూ, రైలు టిక్కెట్టూ ముందే ఖాయం చేసుకుని వెళ్ళే విద్యార్థి, పౌడరు కురిసే రోజుని చూసుకుని వెళ్ళలేడు. వెళ్ళిన రోజున ఏముంటే దానిమీద జారాలి.

పక్క చేలో ఒక ఏడు విరగపండిందని అదే విత్తనం కొనేవాడు మన వూళ్ళలో ఎంత నష్టపోతాడో చూస్తూనే వున్నాం. విత్తనాన్ని ఎంచవలసింది మంచి ఏటి దిగుబడి చూసి కాదు, మన నేలా మన నీరూ మామూలు ఏడాదిలో ఎలా వుంటాయో చూసి. స్కీ ఎంపికకి కూడా నేను చెప్పదలుచుకున్న సూత్రం ఇదొక్కటే: కలలో కనిపించే పౌడరు రోజుకి కాదు, నువ్వు ఎక్కువ రోజులు నిలబడబోయే మంచుకి తగిన స్కీ తీసుకో.

ఎవరికి ఏది?

మొదటిసారి కోర్సుకి వెళ్ళేవారికి 75 నుంచి 85 నడుము, పొట్టి పొడవు, అంటే గడ్డానికీ ముక్కుకీ మధ్య వచ్చేది చాలు. మెత్తగా వంగేది మంచిది. పౌడరు ఆలోచన అప్పుడే వద్దు.

బాట మీద ధైర్యంగా తిరగటం వచ్చి, అప్పుడప్పుడూ పక్కనున్న మెత్తటి మంచులోకి దిగేవారికి 88 నుంచి 100. గుల్మార్గు పైదశకి గైడుతో వెళ్ళగలిగినవారికి 98 నుంచి 105, ముందు రాకరు, కాలికింద కేంబరు. పొడవు నుదుటికీ తలకీ మధ్య.

అమెరికాలో వున్న మిత్రులు వూరిని బట్టి మార్చుకోవాలి. న్యూజెర్సీ నుంచి వెర్మాంట్ రాష్ట్రంలోని స్టో, కిల్లింగ్టన్ వెళ్ళేవారికి తరచు ఎదురయ్యేది గట్టి, జారుడు మంచు. అక్కడ 80 నుంచి 88 మేలు. సియాటిల్ దగ్గర కాస్కేడ్ కొండల్లో మంచు ఎక్కువే గాని తడిబరువు. అక్కడ 95 నుంచి 100, కొంచెం బిరుసైనది కావాలి. సాల్ట్‌లేక్ సిటీ పక్కన లిటిల్ కాటన్‌వుడ్ లోయలో ఆల్టా, స్నోబర్డ్ రిసార్టులున్నాయి. ఆ లోయ పేరులోని కాటన్ మన పత్తి కాదు, ఒక చెట్టు. కాని అక్కడ కురిసే పొడిమంచు ఏకిన దూదిలా తేలిక. 100 పైన వెడల్పుకి అర్థం వున్నచోటు అది.

110 దాటిన జతని సొంతంగా కొనవలసిన అవసరం విద్యార్థికి దాదాపు రాదు. నిజంగా రాత్రంతా కురిసిన రోజున ఒక్కరోజుకి అద్దెకి తీసుకోవచ్చు. మిర్చి యార్డుకి వెళ్ళినవాడికి తెలుసు – ఘాటు కావాలంటే తేజ, రంగు కావాలంటే బాడిగ. రెండూ ఒక్కదాంట్లోనే నూటికి నూరుపాళ్ళు అడిగేవాడికి ఎవరో ఒకరు అబద్ధం చెప్పి అమ్ముతారు. ఏ స్కీ మీద "అన్నిటికీ ఉత్తమం" అని రాసి వున్నా అంతే.

స్కీ కన్నా ముందు

డబ్బు కొద్దిగానే వుంటే మొదట కొనవలసింది స్కీ కాదు, బూటు. మడమ లేవకుండా, వేళ్ళు నలగకుండా పట్టిన బూటు లేకపోతే ఎంత మంచి స్కీ అయినా మాట వినదు.

బూటుని స్కీకి కలిపేది బైండింగు. మనిషి పడినప్పుడు కాలు విరగకముందే అది వూడిపోవాలి. మామూలుగా జారుతున్నప్పుడు వూడకూడదు. దానిమీద వుండే బిగింపు అంకెని బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, నేర్పు – ఈ అయిదూ చూసి కొట్టువాడు పెడతాడు. స్నేహితుల ఎదుట గొప్పకి నేర్పు ఎక్కువ చెప్పారా, బిగింపు ఎక్కువ పెడతాడు. అప్పుడు బైండింగు వూడదు, మోకాలు వూడుతుంది. బరువు గురించి సిగ్గుపడి తక్కువ చెప్పినా కష్టమే, వూడకూడనిచోట వూడుతుంది. ఆ కౌంటరు దగ్గర నిజం చెప్పటం అన్నిటికన్నా చవకైన వైద్యం.

చివరిగా ఒక హెచ్చరిక. వెడల్పు స్కీ కట్టుకున్నవాడికి చదును చెయ్యని వాలులు పిలుస్తాయి. 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీదనే మంచుచరియలు ఎక్కువగా విరుగుతాయి. 2023 ఫిబ్రవరి 1న అఫర్వాట్ మీద చరియ విరిగి ఇద్దరు పోలండ్ దేశస్థులు చనిపోయారు. స్కీ మనల్ని పౌడరు మీద తేలుస్తుంది గాని, విరిగిపడే కొండనుంచి కాపాడదు. చండీగఢ్‌లోని రక్షణశాఖ పరిశోధన సంస్థ వెలువరించే చరియల హెచ్చరిక చూడకుండా, గైడు లేకుండా, జాడ తెలిపే పరికరమూ పారా లేకుండా బాట దాటకూడదు.

మిత్రులారా, రేపు మీలో ఎవరైనా ఆ గోడ ముందు నిలబడితే మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను ఎక్కువ రోజులు ఏ మంచు మీద వుంటాను? నా బరువెంత? నాకు నిజంగా ఎంత వచ్చు? ఈ మూడింటికీ జవాబు మీ దగ్గర వుంటే, అంకె గోడమీదనే కనిపిస్తుంది.